చప్పట్లు పడిన చోటు, పడని చోటు

సభకు నమస్కారం.

నాటకం బాగుందో లేదో చెప్పమని నన్ను పిలవలేదు. ఈ కొత్త నాటకాన్ని జనం ఎలా తీసుకున్నారో మాట్లాడమన్నారు. అందుకని రెండోసారి చూసినప్పుడు గోడవారగా కూర్చున్నాను. అక్కణ్ణుంచి సగం స్టేజీ, సగం జనం కనిపిస్తారు. నా కళ్ళు ఎక్కువసేపు జనం మీదే ఉన్నాయి. నటులు క్షమించాలి.

చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఇంటిపెద్ద ఎన్నో ఏళ్ళుగా పదవిలో ఉన్న నాయకుడు. ఒక కేసు మూలంగా ఈసారి ఆయన పోటీ చేసే వీల్లేదు, కొడుక్కీ వీల్లేదు. కోడలి పేరు పెడదామనుకున్నారు. ఆ విషయం పార్టీ పెద్దలతో మాట్లాడారు, లాయరుతో మాట్లాడారు, డ్రైవరుకి కూడా తెలుసు. కోడలికి తప్ప. రెండో అంకంలో భోజనాల బల్ల దగ్గర మామగారు కంచాల మధ్య నుంచి నామినేషను కాగితం ఆమె ముందుకు జరుపుతారు. ఆమె చెయ్యి తుడుచుకుని, కలం తీసుకుని, ఆగి, ‘సంతకం నాదీ, మాట మీదీనా మావయ్యగారూ?’ అంటుంది.

హాలు దద్దరిల్లింది. వెనక వరసల్లోంచి ఈలలు. తర్వాతి డైలాగు ఎత్తుకోవడానికి సందు దొరక్క ఆ నటి కలం పట్టుకుని అలాగే ఉండిపోయింది. గోల కాస్త తగ్గాక, అంతవరకూ వడ్డిస్తూ తిరుగుతున్న అత్తగారు తలెత్తకుండా ఒక మాట అంటుంది: ‘పెట్టెయ్యమ్మా. కాపురానికి వచ్చిన కాణ్ణుంచీ నేను పెడుతూనే ఉన్నాను. ఏం కాగితమని ఒక్కనాడూ అడగలేదు.’

దీనికి ఒక్క చప్పట్టూ పడలేదు. నా ముందు వరసలో ఒకాయన, ఇందాక అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినాయనే, కళ్ళజోడు తీసి కండువాతో తుడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు. పక్కనున్న ఆవిడ స్టేజీ వైపు చూడడం మానేసి ఆయన్నే చూస్తోంది.

రచయిత నాకు తెలిసిన మనిషే. ప్రదర్శన అయ్యాక కలిస్తే, ‘అత్తగారి డైలాగు పేలలేదండీ, తీసేద్దామా?’ అన్నాడు. ఇవాళ నేను మాట్లాడదలుచుకున్నదంతా ఆ ప్రశ్న గురించే.

కోడలి మాటకి పడిన చప్పట్లు జనం ఇంటి నుంచి తెచ్చుకున్నవి. నాయకుల ఇళ్ళలో ఇలాగే జరుగుతుందని వాళ్ళకి ముందే తెలుసు, అది తప్పని కూడా తెలుసు. తెలిసిన మాటని స్టేజీ మీద ఎవరో గట్టిగా అన్నారు, సంతోషించారు. అందులో నాటకం చేసిన పని ఏమంత లేదు. అత్తగారి మాట అలా కాదు. అది నాయకుడి ఇంట్లోంచి బయటికి వచ్చి, పదవీ పార్టీ ఏమీ లేని ఇళ్ళలోకి కూడా వెళ్ళిపోయింది. బ్యాంకు కాగితాలో, స్థలం కాగితాలో, ఏవో ఒకటి చదవకుండా సంతకం పెట్టని ఇల్లు ఆ హాల్లో ఎన్ని ఉంటాయి? చప్పట్లు కొట్టాలంటే తనని తాను వేలెత్తి చూపించుకోవాలి. ఎవరు కొడతారు?

నిశ్శబ్దమంతా గొప్పది కాదనుకోండి. విసుగు కూడా నిశ్శబ్దంగానే ఉంటుంది. కానీ స్టేజీ ఎక్కినవాడికి ఆ తేడా వింగులోంచే తెలుస్తుంది. విసుగు పుట్టిన హాల్లో దగ్గులు మొదలవుతాయి, కుర్చీలు కిర్రుమంటాయి, ఫోను వెలుతురు అక్కడొకటి ఇక్కడొకటి మొహాల మీద పడుతుంది. పట్టుబడ్డ హాల్లో దగ్గొచ్చినవాడు కూడా ఆపుకుంటాడు. ఇక నవ్వుంది చూశారూ, అది ఇంకా మోసకారి. మూడో అంకంలో కొడుకు ‘నాన్నగారు చెప్పాక నేను చెప్పేదేముంది’ అన్నప్పుడు కొందరు పకపకా నవ్వారు, కొందరు ముక్కుతో నవ్వారు. ముక్కుతో నవ్వినవాళ్ళే సరిగ్గా విన్నారని నా అనుమానం.

బయటికి వచ్చాక మెట్ల మీద వినబడిన మొదటి మాట: ‘ఇది ఎవరి మీద రాశారో తెలుసుగా?’ ఒకరు ఒక కుటుంబం పేరు చెప్పారు, ఇంకొకరు కాదు ఫలానావాళ్ళన్నారు. అయిదు నిమిషాల్లో అక్కడ పెద్ద చర్చే నడిచింది. రాజకీయ కుటుంబం కథకి ఇది తప్పని తిప్పలు. అభిమానులు తమ నాయకుడి మీద ఎన్ని విసుర్లు పడ్డాయో లెక్క పెట్టుకుంటారు, వ్యతిరేకులు ఇంకెన్ని పడాలో లెక్క పెట్టుకుంటారు. నాకు మాత్రం ఇది తప్పించుకునే దారిలా కనిపిస్తుంది. ‘ఇది వాళ్ళ కథ’ అనేస్తే, మన ఇంటి గొడవ వదిలిపోతుంది కదా.

ఈ విషయంలో గ్రీసు దేశపు పాత ఏథెన్స్ జనమే నయం. క్రీ.పూ. 494లో మిలేటస్ అనే నగరాన్ని పర్షియన్లు నేలమట్టం చేశారు. అది ఏథెన్స్ వాళ్ళకి బంధువుల ఊరులాంటిది. కొంత కాలానికే ఫ్రినికస్ అనే నాటకకర్త ఆ పతనాన్ని నాటకంగా వేశాడు. చూసిన జనమంతా ఏడ్చారు. ఏడ్చి ఊరుకోలేదు, మా కష్టాన్ని మాకే గుర్తుచేశావంటూ రచయితకి వెయ్యి డ్రాక్మాల జరిమానా వేశారు, ఆ నాటకం ఇంకెప్పుడూ ఎవరూ వేయకూడదన్నారు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఈ సంగతి రాసిపెట్టాడు. కోపమొచ్చింది సరే, కానీ ఆ కష్టం తమది కాదని మాత్రం బుకాయించలేదు.

నార్వే నాటకకర్త ఇబ్సెన్ ‘బొమ్మరిల్లు’ సంగతి కూడా ఇలాంటిదే. 1879 డిసెంబరులో కోపెన్‌హాగన్‌లో వేశారు. చివర్లో కథానాయిక నోరా భర్తనీ పిల్లల్నీ వదిలి వెళ్ళిపోతుంది. జర్మనీలో ఆ పాత్ర వేయవలసిన నటి హెడ్విగ్ నీమన్ రాబె, నేనైతే నా పిల్లల్ని వదలను, ఈ ముగింపు నేను వేయనంది. వేరేవాళ్ళ చేత తిరగరాయిస్తారేమోనని ఇబ్సెన్ తానే ఇంకో ముగింపు రాసిచ్చాడు. అందులో నోరా పిల్లల మొహం చూసి ఆగిపోతుంది. రాసి, ఇది నా నాటకం మీద జరిగిన అఘాయిత్యమని తానే తిట్టుకున్నాడు. మొట్టమొదటి ప్రేక్షకురాలు నటే అన్నమాట. ఆవిడ అభ్యంతరం నాటకరచన గురించి కాదు, తన ఇంటి గురించి.

1944 ఫిబ్రవరిలో, పారిస్ జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు, ఫ్రెంచి నాటకకర్త అనూయ్ పాత గ్రీకు నాటకం ‘యాంటిగనీ’ని కొత్తగా రాసి వేయించాడు. అన్న శవాన్ని పాతిపెట్టకూడదని మేనమామ అయిన రాజు ఆజ్ఞ, పాతిపెట్టి తీరతానని చెల్లెలు. జర్మన్ సెన్సారు దాన్ని అడ్డుకోలేదు. హాల్లో కొందరికి ఆ అమ్మాయిలో ప్రతిఘటన కనిపించింది, కొందరికి రాజు చెప్పేదే సబబుగా తోచింది. ఒకే వరసలో కూర్చుని రెండు నాటకాలు చూశారు. రాజు పాత్రకి నిజంగా వాదించగలిగే మాటలు రాశాడు కాబట్టే అది కుదిరింది. మన నాటకంలో మామగారికి అలాంటి మాట ఒక్కటీ లేదు. ఆయన నోరు తెరిస్తే చాలు, జనం తిట్టడానికి సిద్ధంగా ఉన్నారు. ఆయన తరఫున కూడా ఎవరో ఒకరు తలూపేటట్టు రాసి ఉంటే, మెట్ల మీద చర్చ ఇంకోలా నడిచేది.

చప్పట్ల మీద నాకేం పగలేదు. పద్యనాటకాల్లో ‘వన్స్ మోర్’ అంటే చచ్చిపడున్న పాత్ర కూడా లేచి పద్యం ఇంకోసారి పాడి, మళ్ళీ చచ్చిపోయేదని చెప్పుకునేవారు. అది రాగానికీ గొంతుకీ జరిగిన మర్యాద, అక్కడ చెల్లింది. భోజనాల బల్ల దగ్గర చెల్లదు. విన్నాను, కోడలి డైలాగు తర్వాత చప్పట్ల కోసం ఇప్పుడు ప్రత్యేకంగా ఆగుతున్నారట. దర్శకుడు ఒప్పుకున్నాడట కూడా.

నా కోరికలు మూడే. ఆ ఆగడం మానేయండి. చప్పట్లు పడుతుంటే పడనివ్వండి, అత్తగారు వాటి మధ్యనే వడ్డిస్తూ తన మాట అనేయాలి, సగం మందికి వినబడకపోయినా ఫరవాలేదు. వినబడినవాళ్ళు పక్కవాళ్ళకి చెబుతారు. ఆవిడ మాట ముందు పెట్టిన వేణువు తీసేయండి, ఇప్పుడు బాధపడండని జనానికి చెప్పవలసిన పని వేణువుకి లేదు. మామగారికి ఒక్క పేజీ మంచి వాదన రాయండి, మీకు ఎంత కష్టమైనా సరే.

తర్వాత మాట్లాడవలసినవారు ఇంకా ఉన్నారు. రచయితగారు కూడా లేచి నాకు సమాధానం చెబుతానంటున్నారు, చెప్పనివ్వండి. సెలవు.