ఖాళీ డ్రమ్ములో ఏముంది?

శ్రోతలకు నమస్కారం. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలోనో, చౌటుప్పల్ చుట్టుపక్కలో మందుల ఫ్యాక్టరీకి పనికి పోయేవాళ్లను అడిగితే ‘సాల్వెంట్’ అనే మాట చెబుతారు. ఇంకో పదార్థాన్ని తనలో కరిగించుకునే ద్రవం అది. వాటిలో ఒకటి టోలీన్. పెయింట్ థిన్నర్ డబ్బా మూత తీయగానే గుప్పుమనే వాసన చాలాసార్లు దీనిదే. చెప్పులు అతికించే గమ్ములో, అచ్చు సిరాలో, పెట్రోలులో కూడా ఇది ఉంటుంది.

టోలీన్ మండేటప్పుడు మండేది ద్రవం కాదు, దాని మీద లేచే ఆవిరి. 4 డిగ్రీల చలిలోనే నిప్పు అంటుకునేంత ఆవిరి లేస్తుంది. ఇక మన నల్లగొండ ఎండల సంగతి చెప్పాలా! పైగా ఆ ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది, గుంతల్లో నిలుస్తుంది. ఎక్కడో దూరంగా ఉన్న పొయ్యిని తాకినా మంట వెనక్కి పరుగెత్తుకొస్తుంది.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఖాళీ డ్రమ్ముల గురించి. 200 లీటర్ల ఇనుప డ్రమ్ము చవకగా దొరికితే కొనుక్కొచ్చి, పశువుల కుడితి తొట్టి చేయడానికి రెండు ముక్కలుగా కోయిస్తాం. డ్రమ్ము అడుగున రెండు చెంచాల టోలీన్ మిగిలినా చాలు, లోపలి గాలంతా పేలే మిశ్రమం అవుతుంది. గాలిలో దాని ఆవిరి నూటికి ఒక వంతు దాటితే ఒక్క నిప్పురవ్వ సరిపోతుంది. గ్యాస్ కటింగు, వెల్డింగు, గ్రైండరు, మూడింట్లోనూ నిప్పురవ్వలే కదా. నిండు డ్రమ్ముకన్నా ఖాళీ డ్రమ్ముకే నేను ఎక్కువ భయపడతాను.

‘నాలుగుసార్లు నీళ్లతో కడిగినం సార్’ అంటారు. టోలీన్ నీళ్లలో కలవదు. నీటికన్నా తేలిక, పైన తెట్టులా తేలుతుంది. నీళ్లు వంపేసినా అంచుల మడతల్లో, అతుకుల్లో అంటుకునే ఉంటుంది. దయచేసి అలాంటి డ్రమ్మును కోయించకండి. తాగునీళ్లకూ వాడకండి. మూసిన గదిలో దీని ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది, తలనొప్పి వస్తుంది, మత్తుగా ఉంటుంది. పెయింటర్ తమ్ముళ్లు కిటికీలు తెరిచి ఉంచి పని చేయాలి.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డ్రమ్ము మీద ఎర్రటి డైమండ్ గుర్తు, అందులో మంట బొమ్మ, కింద 3 అంకె ఉంటాయి. పాత సామాన్ల దుకాణంలో దానికి కొత్త రంగు వేసి ఉంటే ఆ గుర్తు కనబడదు. ఇందులో ముందు ఏం పోశారో అమ్మేవాళ్లను అడగండి. వాళ్లు చెప్పలేకపోతే ఆ డ్రమ్మును అక్కడే వదిలేసి రండి.