వెనక్కి నడిచే టీబీఎం బొమ్మ: జయపురం నుంచి రివ్యూ

నమస్కారం. ఒడిశాలోని జయపురంలో మా మేడ మీది గది నుంచి మాట్లాడుతున్నాను. సొరంగాలు తవ్వే ఈ టన్నెల్ బోరింగ్ మెషీన్ (టీబీఎం) నమూనాను తయారీదారులే ఉచితంగా పంపారు, డబ్బేమీ ఇవ్వలేదు. పొడవెంత, ముక్కలెన్ని అనే వివరాల జోలికి వెళ్లను.

ముందుండి తవ్వే చక్రం, అంటే కట్టర్ హెడ్, ముచ్చటగా తిరుగుతోంది. రాతిని బలంగా నొక్కి పెచ్చులుగా ఊడగొట్టే డిస్క్ కట్టర్లు కూడా దేనికది విడిగా తిరుగుతున్నాయి. నిరుడు చూపించిన ఎక్స్‌కవేటర్ బొమ్మకు రెండో వారంలోనే తొట్టె ఊడిపోయింది. దీనికి ఆ బెడద లేదు.

నా పేచీ అంతా రిమోట్ మీది ఈ రెండో మీటతోనే. దీన్ని నొక్కితే యంత్రం హాయిగా వెనక్కి వచ్చేస్తోంది. పక్కనున్న రాతిని పట్టుకొని ముందుకు జరిగే గ్రిప్పర్ రకమైతే కొంత వెనక్కి జరుగుతుందని సరిపెట్టుకోవచ్చు, కానీ దీనితో కాంక్రీటు సెగ్మెంట్ల నమూనాలు కూడా ఇచ్చారు. అసలు యంత్రంలో ఆ సెగ్మెంట్లను షీల్డ్ (యంత్రాన్ని కప్పి ఉంచే ఉక్కు గొట్టం) తోక లోపల పేర్చి రింగు కడతారు, ఆ రింగును ఆనుకొని హైడ్రాలిక్ జాకీలు యంత్రాన్ని ముందుకు నెడతాయి, రింగుకూ తవ్విన నేలకూ మధ్య మిగిలిన సందును గ్రౌటుతో (పల్చటి సిమెంటు మిశ్రమంతో) నింపుతారు. షీల్డ్ లోపల కట్టిన రింగు షీల్డ్ కన్నా చిన్నది కనుక, తాను వేసిన దారిలో ఆ యంత్రమే పట్టదు.

సియాటిల్‌లో 17.5 మీటర్ల వ్యాసమున్న 'బెర్తా' అనే టీబీఎం 2013 డిసెంబరులో మొరాయిస్తే, వెనక్కి తీసే వీలు లేక పైనుంచి గొయ్యి తవ్వి ముందు భాగాన్ని పైకెత్తి బాగుచేయవలసి వచ్చింది. తవ్వకం మళ్లీ మొదలయ్యేసరికి రెండేళ్లు గడిచాయి. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలోని ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు, సహాయక బృందాలు అక్కడి టీబీఎంనే గ్యాస్ కట్టర్లతో ముక్కలుగా కోసి దారి చేసుకోవలసి వచ్చింది.

మా ఊళ్లో విశాఖ రైలెక్కితే అరకు కనుమల్లో వచ్చే సొరంగాలు 1960లలో రాతికి రంధ్రాలు వేసి, మందు కూరి పేల్చినవి. (చిన్నప్పుడు వాటిని లెక్కపెట్టబోయి ప్రతిసారీ మధ్యలో నిద్రపోయేవాణ్ణి.) మందు కూరినవారు పేల్చేముందు దూరంగా వెనక్కి వచ్చేవారు. ఆ వెసులుబాటు షీల్డ్ యంత్రానికి లేదు, దాని కథంతా అక్కడే ఉంది. పిల్లలకు ఈ బొమ్మ నేర్పుతున్నది సరిగ్గా దానికి వ్యతిరేకం.

అయినా కట్టర్ హెడ్ కోసమే కొనమంటాను. తయారీదారులు తర్వాతి విడతలో ఆ మీట తీసేసి, ఆ ఖర్చుతో గ్రౌటు గొట్టాలు పెట్టాలి. నా దగ్గరున్న దానికి మీట తీగ నిన్ననే తెంచేశాను.