అరుంధతి కనిపించిందా?

తమ్ముడు: నమస్తే! పెళ్లిళ్ల సీజన్ కదా, ఈ రోజు అరుంధతి నక్షత్రం కబుర్లు. అక్కా, సూటిగా అడుగుతా. మీ పెళ్లిలో పంతులుగారు చూపించినప్పుడు నీకు కనిపించిందా?

అక్క: నాది పగటి ముహూర్తం రా! మిట్టమధ్యాహ్నం బయటికి తీసుకెళ్లి "అదిగో అమ్మా" అన్నారు. నేను బుద్ధిగా "కనిపించిందండీ" అన్నా.

తమ్ముడు: (నవ్వు) రాత్రి ముహూర్తమైతే కనిపిస్తుందిగా?

అక్క: నెలను బట్టి. కార్తీకంలో రాత్రి ఎనిమిదింటికి అరుంధతి మనకు దిగంతం కిందే ఉంటుంది. తెల్లవారుజామున గానీ పైకి రాదు. మాఘంలో ఆ టైముకి ఈశాన్యంలో అప్పుడప్పుడే వస్తుంటుంది. తీరిగ్గా చూడాలంటే వైశాఖమే. రాత్రి తొమ్మిదింటికి ఉత్తరం వైపు తిరిగితే చాలు, బాగా ఎత్తులో ఉంటుంది.

తమ్ముడు: అన్ని చుక్కల్లో పట్టుకునేదెలా?

అక్క: సప్తర్షి మండలం గరిటెలా ఉంటుంది. కాడ కొసన మరీచి, దాని పక్కది వశిష్ఠుడు. ఆయన మీదే చూపు నిలిపితే, ఆనుకుని మసకగా ఇంకో చుక్క. అదే అరుంధతి. హైదరాబాద్ లైట్లలో కష్టమేలే, బైనాక్యులర్ ఉంటే నయం.

తమ్ముడు: ఇంగ్లీషులో మైజార్, ఆల్కోర్ అంటారు, అవి ఈ వశిష్ఠుడు, అరుంధతులేనా?

అక్క: ఇవే. అసలు తమాషా టెలిస్కోప్ వచ్చాక మొదలైంది. వశిష్ఠుడు ఒకటి కాదు, రెండు నక్షత్రాలని 17వ శతాబ్దంలోనే తేలింది. 1889లో హార్వర్డ్‌లో పికరింగ్ అనే ఖగోళ శాస్త్రవేత్త, వాటిలో ఒకదాని వర్ణపటంలో, అంటే వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో, గీతలు ఒకసారి ఒకటిగా, ఇంకోసారి రెండుగా కనిపిస్తున్నాయని గమనించాడు. అంటే అవి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు చుక్కల గీతలు, అది మళ్లీ జంట! తర్వాత రెండోదీ జంటేనని తెలిసింది. 2009లో అరుంధతి పక్కన కూడా ఒక చిన్న ఎర్ర నక్షత్రం దొరికింది.

తమ్ముడు: మొత్తం ఆరా! పెళ్లిలో ఇద్దరినే చూపించారే.

అక్క: పంతులుగారికి టైమెక్కడిది, అవతల భోజనాలు! వీటి దూరం 80 కాంతి సంవత్సరాల పైమాటే. ఇప్పుడు మన కంట్లో పడే వెలుగు, స్వాతంత్ర్యం రాకముందు అక్కడ బయలుదేరింది.

తమ్ముడు: మరి ఏడుగురు ఋషులూ ఒక్కచోటే ఉన్నారా?

అక్క: లేరు. మధ్యలోని ఐదుగురిదీ ఒకే గుంపు, ఒకే దిక్కుకు కదులుతున్నారు. రెండు కొసల్లోని మరీచి, క్రతువులది మాత్రం వేరే దారి. లక్ష ఏళ్లు గడిస్తే ఈ ఆకారం ఇలా ఉండదు.

తమ్ముడు: ధ్రువుణ్ణి చూపించేది ఆ క్రతువేగా?

అక్క: గరిటె గిన్నె బయటి అంచున క్రతువుకు జతగా ఉండే పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత గీసి, ఆ దూరానికి ఐదింతలు సాగదీయాలి. హైదరాబాద్‌లో ధ్రువుడు దిగంతానికి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఉత్తరాన అపార్ట్‌మెంట్ ఉందా, ఇక అంతే!