పెట్టెలో వచ్చిన సినిమా, ఫోన్‌లో వచ్చిన సినిమా

నమస్కారమండీ. లాక్‌డౌన్ అప్పట్నుంచి మనోళ్ళు మలయాళం సినిమాలు సబ్‌టైటిల్స్ పెట్టుకుని మరీ చూస్తున్నారు కదా, వాటిల్లో చిన్న సినిమాలు మన ఫోన్ల దాకా ఎలా వచ్చాయో ఇవాళ చెప్పుకుందాం.

రీళ్ళ రోజుల్లో ఒక్కో ప్రింటుకి 50 వేలు పైనే అయ్యేది. 20 ప్రింట్లంటే 10 లక్షలు, చిన్న నిర్మాతకి ఆ డబ్బులుంటే ఇంకో సినిమానే మొదలెట్టుకుంటాడు. కేరళలో ముందు టౌన్లలోని ఏ క్లాస్ హాళ్ళలో ఆడాలి, ఆ తర్వాతే రీళ్ళ పెట్టె చిన్న ఊళ్ళలోని బి, సి సెంటర్లకి పోయేది, ఈలోపు పైరసీ సీడీ ఊళ్ళోకి దిగిపోయేది. సీడీలు రాకముందే, 1986లో మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం, ఒడెస్సా అనే బృందం అసలు ఈ హాళ్ళ గొడవే వద్దనుకుని, జనం దగ్గర చందాలు పోగుచేసి 'అమ్మ అరియాన్' అనే సినిమా తీసి, ఊరూరా ప్రొజెక్టర్ మోసుకెళ్ళి చూపించారు.

2006లో 'మూన్నామతొరాళ్' అనే మలయాళం సినిమా రీళ్ళు లేకుండా శాటిలైట్ ద్వారా హాళ్ళకి వెళ్ళింది. పెట్టె పోయింది, ఖర్చు తగ్గింది, అంతవరకూ బాగానే ఉంది. కానీ డిజిటల్ వచ్చి కెమెరా చవకైనంత మాత్రాన హాలు దొరుకుతుందా చెప్పండి? 2014లో దర్శకుడు సనల్ కుమార్ శశిధరన్ జనం డబ్బుతోనే 'ఒరాళ్‌పొక్కం' తీసి, దాన్ని వ్యాన్‌లో పెట్టుకుని ఊళ్ళు తిరిగాడు. ఆ వ్యాన్ పేరు 'సినిమా వండి'. వంటతో సంబంధం లేదండోయ్, మన బండినే వాళ్ళు వండి అంటారు. అంటే డిజిటల్ వచ్చాక కూడా మళ్ళీ ఊరూరా తిరుగుడే!

వంట అంటే గుర్తొచ్చింది, 'ద గ్రేట్ ఇండియన్ కిచెన్'. పెద్ద ఓటీటీలు వద్దంటే 2021 జనవరి 15న నీస్ట్రీమ్ అనే చిన్న మలయాళం ప్లాట్‌ఫామ్‌లో వచ్చింది, జనం ఒక్కసారిగా ఎగబడేసరికి వాళ్ళ సర్వర్ తట్టుకోలేకపోయింది. హీరోయిన్ గిన్నెలు తోముతూ, సింకు శుభ్రం చేస్తూ ఉండే ఆ సినిమాని మల్టీప్లెక్స్‌లో ఎంతమంది చూసేవాళ్ళో గానీ, ఇంట్లో, ఆ వంటగది పక్కనే కూర్చుని చూడ్డం వేరేలా ఉంటుంది. కొన్ని నెలలకే ప్రైమ్ కూడా తీసుకుంది, ఆ ఏడు కేరళ ప్రభుత్వం ఉత్తమ చిత్రం అవార్డు కూడా ఇచ్చింది.

మరి ఇప్పుడు చిన్న సినిమాలకి దారి దొరికినట్టేనా అంటే, నాకైతే అలా అనిపించట్లేదు. ఓటీటీలు ఇప్పుడు ముందు హాల్లో ఎలా ఆడిందో చూసి ఆ తర్వాతే బేరానికి దిగుతున్నాయి, అంటే తిరిగి తిరిగి హాలు గుమ్మం దగ్గరికే వచ్చామన్నమాట. ఈ పరిస్థితుల్లోనే 2024 మార్చి 7న కేరళ ప్రభుత్వం సి స్పేస్ అని సొంత ఓటీటీ పెట్టింది. పెట్టినప్పుడు నెల చందా లేదు, సినిమాకి 75 రూపాయలు, చూసినప్పుడే కట్టాలి, అందులో సగం నిర్మాతకే అన్నారు. లెక్క సూటిగా ఉంది, నాకు నచ్చింది. కాకపోతే అందులో ఏ సినిమా పెట్టాలో తేల్చడానికి ఒక ప్యానెల్ ఉంది, నిర్మాతలు ఇప్పుడు వాళ్ళ పిలుపు కోసం చూడాలి.

ఉంటానండీ మరి, నమస్కారం.