మొదటి స్కాన్‌తో ఖాయమైన తేదీని మార్చకండి

అందరికీ నమస్కారం. కార్డు మీద కాన్పు తేదీ అని ఒక్క రోజే రాసిస్తారు. సరిగ్గా ఆ రోజున పుట్టే పిల్లలు మాత్రం నూటికి నలుగురైదుగురే. 37 వారాలు నిండాక, 42 నిండేలోపు ఎప్పుడు పుట్టినా అది నెలలు నిండిన కాన్పే.

పాత లెక్క మీకు తెలిసిందే. చివరి నెలసరి మొదలైన రోజుకు 7 రోజులు కలిపి, 3 నెలలు వెనక్కి వెళ్తాం. మార్చి 10 అయితే డిసెంబరు 17. వరసగా 280 రోజులు లెక్కపెడితే డిసెంబరు 15 వస్తుంది; నెలలన్నీ సమానం కావు కదా. ఈ రెండు రోజులతో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా, ఈ లెక్క అందరికీ 28 రోజులకోసారి నెలసరి వస్తుందని, 14వ రోజు ప్రాంతంలో అండం విడుదలవుతుందని అనుకోవడంలో ఉంది. 35 రోజులకోసారి వచ్చేవారికి అండం 21వ రోజు ప్రాంతంలో విడుదలవుతుంది. అంటే వారి కాన్పు తేదీ వారం ఆలస్యంగా ఉండాలి. పాలిస్తూ గర్భం దాల్చినవారికి, గర్భనిరోధక మాత్రలు అప్పుడే ఆపినవారికి నెలసరి లెక్కను అసలు నమ్మలేం.

అందుకే 14 వారాలలోపు స్కాన్ అంత ముఖ్యం. అప్పుడు బిడ్డ పొడవును తల నుంచి పిరుదుల దాకా కొలుస్తారు. ఆ దశలో పిల్లలందరూ దాదాపు ఒకే వేగంతో పెరుగుతారు కాబట్టి తప్పు వచ్చినా అయిదు నుంచి ఏడు రోజులకు మించదు. 9 వారాల తర్వాత చేసిన ఈ స్కాన్‌కూ నెలసరి లెక్కకూ 7 రోజులకు మించి తేడా ఉంటేనే స్కాన్ తేదీ తీసుకోవాలి. 9 వారాలలోపు స్కాన్ అయితే 5 రోజులకు మించితే చాలు. ఐవీఎఫ్‌లో (ల్యాబులో అండాన్ని ఫలదీకరించే చికిత్సలో) 5 రోజులు పెరిగిన పిండమైతే, దాన్ని గర్భాశయంలో పెట్టిన తేదీకి 261 రోజులు కలిపితే సరిపోతుంది.

అలా ఖాయమైన తేదీని మళ్ళీ కదపకూడదు. ఎనిమిదో నెల స్కాన్ రిపోర్టులో మరో తేదీ కనిపిస్తుంది. అది బిడ్డ సైజును బట్టి మెషీన్ వేసిన లెక్క, మూడు వారాల దాకా తప్పొచ్చు. మొదటి స్కాన్ ప్రకారం 34 వారాలు నిండాయి, ఇప్పటి కొలతలు 31 వారాలే చూపిస్తున్నాయి అనుకోండి. "కాన్పు తేదీ మూడు వారాలు ఆలస్యమైంది" అని ఊరుకుంటే ప్రమాదం. బిడ్డ ఎదుగుదల మందగించి ఉండొచ్చు. వెంటనే డాప్లర్ స్కాన్‌తో బిడ్డకు రక్తప్రసరణ ఎలా ఉందో చూడాలి. షుగర్ ఉన్న తల్లిలో ఇదే తారుమారవుతుంది: బిడ్డ పెద్దగా ఉంటే నెలలు నిండాయని పొరబడి ముందే కాన్పు చేస్తే, ఊపిరితిత్తులు ఇంకా పక్వం కాని బిడ్డ చేతికొస్తుంది.

కాబట్టి మొదటి స్కాన్ రిపోర్టును ఫైల్లో అన్నిటికన్నా పైన ఉంచండి. 41 వారాలు దాటితే నొప్పులు రప్పించడం గురించి డాక్టరుతో మాట్లాడండి. 42 తర్వాత మాయ పనితీరు తగ్గి, బిడ్డకు అపాయం పెరుగుతుంది. కదలికలు తగ్గినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా తేదీ ఇంకా రాలేదని ఆగకండి, ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్ళండి.