తాళంచెవి ఎవరి దగ్గరుంది?

అందరికీ నమస్కారం. పరిచయం పొడుగ్గానే సాగింది, శాలువా కూడా అయిపోయింది, కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. అమెరికా వికలాంగుల చట్టం మీద అప్పటి అధ్యక్షుడు పెద్ద బుష్ సంతకం పెట్టింది 1990 జులై 26న. ఆ వార్షికోత్సవం పేరు చెప్పి నన్ను హక్కుల మీద మాట్లాడమన్నారు. ర్యాంపులు, పార్కింగు గురించి ఏటా వింటూనే ఉన్నారు. నేను తుపాకుల గురించి మాట్లాడతాను. కార్యదర్శిగారూ, కంగారు పడకండి, రాజకీయం చెయ్యను. చేసినా కొంచెమే.

మనముంది టెక్సస్‌లో. చట్టపరంగా అడ్డులేని మనిషి, 21 ఏళ్ళు నిండితే, 2021 సెప్టెంబరు నుంచి పర్మిట్ లేకుండానే చేతితుపాకీ పెట్టుకు తిరగొచ్చు. హెచ్-1బి ఉద్యోగ వీసా, ఎఫ్-1 చదువు వీసా మీద ఉన్న పిల్లలకు వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప కొనే వీల్లేదు. గ్రీన్‌కార్డు వస్తే ఆ అడ్డు పోతుంది. కార్డొచ్చిన సంబరంలో సత్యనారాయణ వ్రతం చేసుకుని, ఆ నెల్లోనే పిస్తోలు కూడా కొనుక్కున్న కుటుంబాలు ఈ హాల్లో ఉన్నాయి. పేర్లు చెప్పను.

నేనూ ఓ దుకాణానికి వెళ్ళాను. వికలాంగుల మీద దౌర్జన్యాలు మిగతావాళ్ళ మీదకంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని ఈ దేశపు న్యాయశాఖ లెక్కలే చెబుతున్నాయి. ఒంటరిగా ఉండే ఆడదాన్ని, చక్రాల కుర్చీలో ఉన్నదాన్ని, నాకు భయం ఉండదా? కౌంటరు నా కళ్ళ ఎత్తున ఉంది. దాని వెనకున్నాయన నా మొహం చూడకుండా మా చెల్లెలి కొడుకుని అడిగాడు, ‘ఆవిడకి ఇది దేనికి?’ అని. డబ్బిచ్చేది నేను, ఫారం నింపేది నేను, ప్రశ్న మాత్రం వాడికి! హోటళ్ళలో ‘ఆవిడేం తింటారు’ అని పక్కవాళ్ళనడిగితే ఊరుకునేదాన్ని. అక్కడ ఊరుకోలేదు. ఏమన్నానో వేదిక మీద చెప్పకూడదు.

సరే, పిస్తోలు చేతికిచ్చాడు. చంకకర్రల మీద నడిచి నడిచి అరిగిపోయిన మణికట్లు నావి. గుండు లోపలికి ఎక్కించాలంటే పైనుండే స్లైడు వెనక్కి లాగాలి, దానికి నా బలం చాల్లేదు. ఇంకో సంగతి. కూర్చున్న మనిషి నడుం దగ్గర్నుంచి తుపాకీ తీస్తే దాని మూతి సొంత తొడ మీదుగా వెళ్ళే ప్రమాదముంది. కుర్చీ చేతిపట్టు మోచేతికి అడ్డం. ఇవన్నీ నేనడిగితే తప్ప ఎవరూ చెప్పలేదు. కొన్నానా లేదా అంటారా, అది నా ఇంటి విషయం.

ఇంతకీ చట్టం ఏమడుగుతుంది? 1968 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, మతిస్థిమితం లేదని కోర్టు లాంటి అధికార సంస్థ తేల్చినవాళ్ళకీ, బలవంతంగా మానసిక ఆసుపత్రిలో చేర్చబడినవాళ్ళకీ తుపాకీ కూడదు. చూపు సంగతి అందులో లేదు. అయోవాలో అంధులకు పర్మిట్లు ఇస్తున్నారని 2013లో వార్త వస్తే దేశమంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎదురుగా ఉన్నది ఎవరో తెలియకుండా కాల్చకూడదన్న నియమం అందరికీ ఒకటే. అర్ధరాత్రి చప్పుడైతే సొంత బిడ్డను దొంగనుకుని కాల్చినవాళ్ళకు కళ్ళు లేకనా?

2016లో సోషల్ సెక్యూరిటీ వాళ్ళు, అంటే పింఛన్లిచ్చే ప్రభుత్వ శాఖ వాళ్ళు, ఇంకో దారి తొక్కారు. మానసిక వైకల్యం వల్ల పింఛను డబ్బు చూసుకోవడానికి వేరే మనిషిని పెట్టుకున్నవాళ్ళ పేర్లు తుపాకీ నిషేధ జాబితాకి పంపాలని నిబంధన. చెక్కు లెక్క చూసుకోలేని మనిషి ప్రమాదకరమైన మనిషా? తుపాకీ హక్కుల సంఘం ఎన్‌ఆర్‌ఏ, పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ ఒకే వైపు నిలబడిన అరుదైన సందర్భమది. 2017 ఫిబ్రవరిలో ట్రంప్ సంతకంతో అది రద్దయింది. నా ఓటెటో మీకు తెలుసు, అయినా ఆ రద్దు సబబే.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. తల్లిదండ్రులు కొంచెం ఫోన్లు పక్కన పెట్టండి.

నాకు తెలిసిన ఇంట్లో 24 ఏళ్ళ అబ్బాయి, ఆటిజం. మాటలు తక్కువ, చూపు మహా పదును. తండ్రి బీరువాలో, పట్టుచీరల వెనక, నంబర్ల పెట్టెలో పిస్తోలు దాచాడు. నంబరు పెళ్ళిరోజు. ఒకరోజు తల్లి ఫోన్ చేసింది, ‘అక్కా, వాడు పెట్టె తీశాడు’ అని. తీసి డైనింగ్ టేబుల్ మీద గరిటెలు, స్పూన్లు, తన బొమ్మ కార్లు, వాటి వరసలోనే పిస్తోలు పేర్చాడట. గుండు ఉందో లేదో ఆమెకు చూడ్డం రాదు. భర్త వచ్చేదాకా పిల్లాణ్ణి కబుర్లతో వరండాలో కూర్చోబెట్టింది.

2016 జులైలో నార్త్ మయామిలో ఆటిజం ఉన్న ఒకాయన చేతిలో బొమ్మ ట్రక్కుంటే తుపాకీ అనుకుని పోలీసులొచ్చారు. పక్కనే చేతులెత్తి పడుకుని ‘అది బొమ్మే’ అని అరుస్తున్న సంరక్షకుడు చార్ల్స్ కిన్సీ కాలికి గుండు తగిలింది. బొమ్మకే అంత జరిగింది. మనవాడి చేతిలో నిజందే ఉంటే?

టెక్సస్‌లో తుపాకీ పిల్లలకు అందేలా వదిలేస్తే నేరం. కానీ పిల్లలంటే 17 ఏళ్ళ లోపు. మన 24 ఏళ్ళ పసివాడు ఆ లెక్కలోకి రాడు. వాడి విషయంలో కాపలా మీరే.

ఇంకొకటి, గబగబా. 2021లో ఈ దేశంలో తుపాకీతో పోయిన 48,000 మందికి పైగా మనుషుల్లో సగానికి మించి ఆత్మహత్యలే. కొత్తగా కాలో చూపో పోయిన మనిషి ఇంట్లో ఉంటే, కొన్నాళ్ళు తుపాకీని ఆ ఇంటి నుంచి తీయించండి. ఎవరికి అప్పజెప్పొచ్చో చట్టం కనుక్కుని మరీ చెయ్యండి. కౌన్సెలింగుకి వెళితే, డిప్రెషన్ మాత్రలు వేసుకుంటే తుపాకీ హక్కు పోతుందని మనవాళ్ళలో ఒక పుకారుంది. ఫెడరల్ చట్టంలో అలా లేదు. తనంతట తాను ఆసుపత్రిలో చేరినా, అదొక్కటే అడ్డు కాదు. ఆ భయంతో మందు మానకండి. మనసుకు కష్టంగా ఉంటే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యండి.

కార్యదర్శిగారు చీటీ పంపారు, భోజనాలు సిద్ధమట. వెనక బల్ల మీద కేబుల్ తాళాలున్నాయి, తుపాకీలోంచి దూర్చి వేసేవి, ఉచితం. ముందు తుపాకీ ఖాళీ చేసి, తర్వాత తాళం వెయ్యాలి. అది వేశాం కదా అని పెట్టెకి తాళం మానకండి, కేబుల్‌ని కత్తిరించొచ్చు. తుపాకీ ఉన్నవాళ్ళెవరని చేతులెత్తమనను. ఆడవాళ్ళు పెళ్ళిరోజు నంబరు ఈ రాత్రికే మార్పించండి. పులిహోర ఎక్కడికీ పోదు, తాళాలు తీసుకున్నాకే వరసలో నిలబడండి.