లోపలికి తోసే ముందే చూడండి: బిల్ట్‌ఇన్ ఓవెన్, హాబ్ బిగింపు, వాడకం

నమస్కారం. ఈ బల్ల మీద తిరగేసి పెట్టింది నాలుగు పొయ్యిల ఇండక్షన్ హాబ్, అంటే వంటగట్టులోకి దించి బిగించే కరెంటు పొయ్యి. పై వైపు అందరికీ తెలిసిన నల్లటి గాజే. ఇటు వైపు మాత్రం ఇలా రేకు డబ్బాలా ఉంటుంది. ఈ మూలన చిన్న ప్లాస్టిక్ మూత ఉంది చూడండి. స్క్రూడ్రైవర్ మొనతో ఇలా లేపితే లోపల ఇత్తడి స్క్రూల వరుస కనిపిస్తుంది. కరెంటు తీగలు వచ్చి కలిసేది ఇక్కడే. హాబ్ ఏళ్ళ తరబడి నిక్షేపంగా పనిచేస్తుందా, ఆరు నెలలకే మాడు వాసన వేస్తుందా అన్నది చాలా వరకు ఇక్కడే తేలిపోతుంది. గట్టులోకి దించాక ఈ మూతను మళ్ళీ ఎవరూ తెరవరు. ఓవెన్ సంగతీ అంతే. అల్మారాలోకి తోసేశాక దాని వీపు ఎలా ఉందో ఎవరికీ కనబడదు. కాబట్టి బిగించే రోజున పక్కనే నిలబడి ఏమేం చూసుకోవాలో, తర్వాత వాడకంలో ఎక్కడ జాగ్రత్త పడాలో చెబుతాను. తీగలు కలిపే పని మాత్రం మీరు చేయకండి. అది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని. చాలా దేశాల్లో చట్టం కూడా అదే చెబుతుంది.

ముందు కరెంటు లెక్క. నాలుగు పొయ్యిలూ పూర్తి స్థాయిలో పనిచేస్తే ఇలాంటి హాబ్ సుమారు 7.4 కిలోవాట్లు తీసుకుంటుంది. 230 వోల్టుల సరఫరా మీద అది 32 ఆంపియర్లు. ఓవెన్‌కు మోడల్‌ను బట్టి 2 నుంచి 3.6 కిలోవాట్లు, అంటే 16 ఆంపియర్ల దాకా. ఈ రెండింటికీ మెయిన్ బోర్డు నుంచి వేర్వేరు లైన్లు, వేర్వేరు బ్రేకర్లు ఉండాలి. 32 ఆంపియర్ల హాబ్‌కు మామూలుగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తారు. దూరం ఎంత, పైపులో పక్కన ఇంకెన్ని తీగలున్నాయి, ఆ చోట వేడి ఎంత అన్నవి చూసి ఎలక్ట్రీషియన్ ఖరారు చేయాలి. గోడ వైపు ఓ చూపు విసిరి ‘పాత లైను ఉందిగా, సరిపోతుంది లెండి’ అంటే ఒప్పుకోకండి. బోర్డు మూత తీసి, కేబుల్ మందం చూసి చెప్పాల్సిన మాట అది. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఊసే ఎత్తనివ్వకండి.

ఇంటి వైరింగు అంత బరువు మోయలేదనుకోండి. గోడలు పగలగొట్టక తప్పదని కంగారు పడనవసరం లేదు. చాలా ఇండక్షన్ హాబ్‌లలో మొత్తం వినియోగానికి పరిమితి విధించే సెట్టింగు ఉంటుంది. దాన్ని తగ్గించి పెడితే నాలుగు పొయ్యిలనూ ఒకేసారి గరిష్ఠ వేడి మీద పెట్టలేరు, అంతే. ఒక పొయ్యిని పెంచితే పక్కది దానంతట అదే తగ్గుతుంది. ఇంత పనికొచ్చే సౌకర్యాన్ని అమ్మేవాళ్ళు ఎందుకో నోరు తెరిచి చెప్పరు. కొనే ముందే మాన్యువల్‌లో వెతుక్కోండి.

మళ్ళీ ఈ స్క్రూల దగ్గరికి వద్దాం. కెమెరా కాస్త దగ్గరికి తెస్తున్నాను. ఇవి ఫేజు తీగల చోట్లు, ఇవి న్యూట్రల్‌వి, ఈ చివరిది ఎర్త్. కొన్ని స్క్రూల మధ్య వంతెనలా ఈ సన్నటి ఇత్తడి పట్టీ ఉంది కదా? ఒకే ఫేజు మీద కలపాలంటే ఈ పట్టీలు ఒక రకంగా ఉండాలి, రెండు ఫేజుల మీదైతే మరో రకంగా ఉండాలి. బొమ్మ ఇదిగో, హాబ్ అడుగునే అంటించి ఉంటుంది. దాన్ని చూడకుండా ‘నాకు తెలుసు’ అని మొదలుపెట్టే మనిషిని ఒక్క నిమిషం ఆపండి. రెండు ఫేజుల మీద కలిపిన హాబ్‌లో న్యూట్రల్ తీగ వదులైనా సరే, 230 వోల్టులు ఉండాల్సిన చోట 400 దాకా రావచ్చు. ఆ దెబ్బకు లోపలి సర్క్యూట్ బోర్డు మాడిపోతుంది.

వదులు స్క్రూ వల్ల వచ్చే నష్టం ఇంకోటి ఉంది, అది నిదానంగా కాల్చేది. తీగ సరిగా అంటుకోని చోట నిరోధం పెరుగుతుంది. ఒక ఓమ్‌లో పదో వంతు అనుకోండి, చాలా తక్కువే. కానీ 30 ఆంపియర్లు పారుతున్నప్పుడు ఆ ఒక్క బిందువు దగ్గర పుట్టే వేడి 90 వాట్లు. కరెంటును కరెంటుతోనే హెచ్చవేసి, నిరోధంతో మళ్ళీ హెచ్చవేస్తే వచ్చే లెక్క ఇది. మామూలు సోల్డరింగ్ ఐరన్‌కు 60 వాట్లు కూడా అక్కర్లేదు. అంతకంటే ఎక్కువ వేడి మీ వంటగట్టు కింద, ప్లాస్టిక్ డబ్బాలో, గంటల తరబడి ఉంటుంది. బ్రేకర్ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు. అందుకని స్క్రూ బిగించాక ఒక్కో తీగనూ పట్టుకుని లాగి చూడమనండి. సన్నటి పోగులతో అల్లిన తీగైతే కొసకు లోహపు తొడుగు వేసి నొక్కాలి. సీసం పోసి అతకకూడదు. ఆ మెత్తటి లోహం స్క్రూ ఒత్తిడికి కాలక్రమంలో జరిగి, బిగువు పోతుంది.

ఎర్త్ తీగను మిగతా వాటికంటే కొంచెం పొడుగ్గా వదలాలి. ఎందుకంటే ఎప్పుడైనా ఎవరైనా కేబుల్‌ను గట్టిగా లాగితే ముందు ఫేజు ఊడాలి, అన్నిటికంటే చివర ఎర్త్ ఊడాలి. మంచి పనివాడిని పట్టిచ్చే గుర్తుల్లో ఇదొకటి. లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎర్త్‌లోకి లీకైతే వెంటనే లైనును తెంచే స్విచ్, రక్షణగా ఉండాలి. ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి తెంచే ఐసొలేటర్ చేతికందే చోట ఉండాలి, ఓవెన్ వెనక గోడకు మాత్రం కాదు.

ఇక ఓవెన్ కూర్చునే గూడు. 60 సెంటీమీటర్ల ఓవెన్‌కు మామూలుగా 56 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు, కనీసం 55 సెంటీమీటర్ల లోతు కావాలి. ఈ కొలతలు ఏ వడ్రంగికైనా కంఠతా వచ్చు. గాలి దారి దగ్గరే తప్పు జరుగుతుంది. గూటికి వెనక పలక ఉండకూడదు, లేదా దాన్ని కోసేయాలి. కింద నుంచి చల్లగాలి లోపలికి రావాలి, వెనక నుంచి వేడిగాలి పైకి పోవాలి. అందంగా ఉంటుందని నాలుగు వైపులా మూసేస్తే ఓవెన్ తన వేడిలో తానే ఉడుకుతుంది. ముందు పలకల అంచులు లేచిపోతాయి, తర్వాత సర్క్యూట్ బోర్డు పోతుంది. పక్క పలకల లామినేట్, జిగురు కనీసం 90 డిగ్రీలు తట్టుకునేవిగా ఉండాలని చాలా మాన్యువళ్ళు రాస్తాయి. హాబ్ కిందే ఓవెన్ పెడుతున్నారా? అప్పుడు ఓవెన్‌కు సొంత కూలింగ్ ఫ్యాను ఉండి తీరాలి.

ఓవెన్ బరువు 30 నుంచి 40 కిలోలు. ఇద్దరు ఎత్తాలి, అదీ పక్కల నుంచి. తలుపు పిడి పట్టుకుని ఎత్తితే కీళ్ళు వంగుతాయి, ఆ తర్వాత తలుపు సరిగా మూసుకోదు. లోపలికి జరిపేటప్పుడు వెనక కేబుల్ మడత పడి నలగకుండా, వేడి రేకుకు ఆనకుండా ఒకరు చేత్తో సర్దాలి. తర్వాత తలుపు తెరిస్తే పక్క ఫ్రేములో కనిపించే స్క్రూ రంధ్రాలు ఉన్నాయే, వాటిని వదిలేయనివ్వకండి. బరువుగా ఉంది, ఎక్కడికి పోతుందిలే అని చాలామంది వదిలేస్తారు. తెరిచిన తలుపు మీద బరువైన ట్రే పెట్టినా, చిన్నపిల్లలు ఎక్కినా ఓవెన్ ముందుకు తూలేది ఆ స్క్రూలు లేకనే.

హాబ్ దించేటప్పుడు కొన్ని మాటలు. కోసిన అంచు చెక్కదైతే తేమ పీల్చకుండా సీలెంట్ పూయాలి. గాజు కింద మాత్రం సిలికాన్ పూయకూడదు, కంపెనీ ఇచ్చిన స్పాంజి పట్టీ చాలు. సిలికాన్ పెట్టి అతికించిన హాబ్‌ను రిపేరుకు తీయబోతే గాజు పగులుతుంది. కింద సొరుగు ఉంటే మధ్యలో ఖాళీ వదిలి అడ్డు పలక వేయించండి. ఆ సొరుగులో స్ప్రే డబ్బాలు పెట్టకండి.

బిగింపు అయ్యాక డబ్బు ఇచ్చే ముందు అన్ని పొయ్యిలూ, ఓవెనూ కలిపి ఓ అరగంట నడిపి చూపించమనండి. మొదటి వేడి సంగతి ఇక్కడే చెప్పాలి. లోపలి అట్టలు, ప్లాస్టిక్ కాగితాలు అన్నీ తీసి, ఖాళీ ఓవెన్‌ను మాన్యువల్ చెప్పిన వేడి మీద, సాధారణంగా 200 నుంచి 250 డిగ్రీల మధ్య, ఒక గంట దాకా నడపాలి. పొగ, వాసన వస్తాయి. తయారీలో పూసిన నూనె, ఇన్సులేషన్‌లోని జిగురు కాలిపోవడం వల్ల వచ్చే వాసన అది. కిటికీలు తెరవండి. పెంపుడు పక్షులుంటే ముందే వేరే గదికి మార్చండి, వాటి ఊపిరితిత్తులు ఇలాంటి పొగలకు తట్టుకోలేవు.

కొత్త ఓవెన్ వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతే పీసు లోపభూయిష్ఠమని చాలామంది వెంటనే వాపసు ఇస్తారు. కావచ్చు, కాకపోనూ వచ్చు. హీటింగ్ ఎలిమెంట్ అంటే స్టీలు గొట్టం, మధ్యలో నిక్రోమ్ తీగ, రెండింటి మధ్యా కుక్కిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. గోదాములో నెలల తరబడి ఉన్నప్పుడు ఆ పొడి తేమ పీలుస్తుంది, ఆ తేమ గుండా కరెంటు ఎర్త్‌లోకి లీకవుతుంది. ఇన్సులేషన్ కొలిచి, ఎలిమెంట్‌ను ఆరబెట్టాలా మార్చాలా అన్నది టెక్నీషియన్ చెప్పగలడు. ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలిపి ‘ఇప్పుడు పనిచేస్తోంది చూడండి’ అంటే మాత్రం ఆ మనిషిని అక్కడికక్కడే పంపించేయండి.

వాడకంలోకి వస్తే, ఓవెన్ ఆపాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. అది చల్లబరిచే ఫ్యాను, దాని పని అయ్యాక అదే ఆగుతుంది. చప్పుడు నచ్చక మెయిన్ స్విచ్ ఆపేయకండి. ఓవెన్ నేల మీద అల్యూమినియం రేకు పరవడం చాలామందికి అలవాటు, శుభ్రం చేసే పని తప్పుతుందని. కింది ఎలిమెంట్ వేడి రేకు కింద చిక్కుకుని ఎనామిల్ పూత చిట్లుతుంది. ఆ పూత వేడిగా ఉన్నప్పుడు చల్లటి నీళ్ళు పోయడమూ అంతే. వేడి ట్రేను తడి గుడ్డతో పట్టుకోకండి. నీళ్ళు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని చేతికి చేరుస్తాయి, పైగా ఆవిరి.

ఇప్పుడు ఈ బ్లేడు చూడండి, హాబ్ గీకడానికి వాడేది. హాబ్ గాజు వేడికి దాదాపు వ్యాకోచించని గ్లాస్ సిరామిక్. దీని మీద బ్లేడును ఇలా వాలుగా పట్టి గీకితే గీత పడదు. ముఖ్యంగా పంచదార పాకం పొంగితే చల్లారే దాకా ఆగకండి. గడ్డకట్టిన పాకం గాజుకు అంటుకుని, చల్లారేటప్పుడు కుంచించుకుపోతూ పై పొరను పెళ్ళలుగా లాగేస్తుంది. చేతికి గ్లవ్ వేసుకుని వేడి మీదే గీకి పక్కకు లాగాలి. ఇదే బ్లేడు ఓవెన్ తలుపు గాజుకు తగలకూడదు. అది టెంపర్డ్ గాజు. అంచున చిన్న గీత పడితే చాలు, ఏదో ఒక రోజు వేడెక్కినప్పుడు ఒక్కసారిగా ముక్కలై రాలిపోతుంది. దానికి మెత్తటి గుడ్డ, సబ్బు నీళ్ళే.

హాబ్ గాజు మీద వెంట్రుకంత పగులు కనిపించినా వెంటనే బ్రేకర్ దగ్గర ఆపేయాలి. టచ్ బటన్‌తో ఆపితే సరిపోదు. పొంగిన నీళ్ళు ఆ పగులులోంచి కిందికి దిగితే కరెంటు పైకి వస్తుంది. టచ్ బటన్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, నాకు గుండ్రటి నాబ్ ఉన్న హాబే ఇష్టం, తడి వేళ్ళకు కూడా మాట వింటుంది. గాజు మీద హెచ్ అక్షరం వెలుగుతున్నంత సేపూ అక్కడ చేయి కాలుతుంది, పొయ్యి ఆపేసి ఉన్నా సరే. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఇండక్షన్ కొనే ముందే డాక్టర్‌ను అడగాలి.

చివరగా మంట. ఓవెన్ లోపల ఏదైనా అంటుకుంటే తలుపు తెరవకండి, కరెంటు ఆపేయండి. గాలి అందక అది చాలాసార్లు దానంతట అదే చస్తుంది. పొగ తగ్గకపోతే బయటికి వచ్చి అగ్నిమాపక సిబ్బందిని పిలవండి. హాబ్ మీద నూనె అంటుకుంటే నీళ్ళు పోయకండి. కాగిన నూనెలో పడ్డ లీటరు నీళ్ళు క్షణంలో సుమారు 1700 లీటర్ల ఆవిరై, మండుతున్న నూనెను పైకప్పు దాకా చిమ్ముతాయి. గిన్నెను కదపవద్దు. పొయ్యి ఆపి, గిన్నెకు సరిపోయే లోహపు మూతను మీ వైపు నుంచి ముందుకు జరుపుతూ కప్పండి. ఆరిందో లేదో చూద్దామని మూత ఎత్తితే గాలి తగిలి మళ్ళీ అంటుకుంటుంది. నూనె పూర్తిగా చల్లారే దాకా దాన్ని అలాగే ఉంచండి.